పట్టాదారు శ్రీ ‘రైతు పేరు’ గారు

కంప్యూటరులో పూర్వమే యున్న పట్టికలోనికి క్రొత్త వివరములు దింపవలసి వచ్చినపుడు ఉపకరణములకు ఏకవాక్యత లేదు: మైఎస్‌క్యూఎల్ డంపు, వలదని ముందే వారింపనిచో, పాత పట్టికను సమూలముగా తుడిచి క్రొత్తది నిలుపును, పాండాస్, వేరుగా ఆజ్ఞాపింపనిచో, ‘ఇదివరకే యున్నది’ అని మొరాయించును, ఎస్‌క్యూలైటు మాత్రము, పట్టిక లేనప్పుడు క్రొత్త వివరముల మొదటి వరుసను శీర్షికగా మన్నించి, ఉన్నప్పుడు దానినే సామాన్య వివరముగా లోపల చేర్చుకొనును. గౌతమీతీరమున ముక్తేశ్వరములోని కొబ్బరి రైతుల జాబితాకు ఎస్‌క్యూలైటుతో రెండవ విడతను శీర్షికతో సహా చేర్చినచో, ‘తండ్రి పేరు’ గారి పుత్రుడు ‘రైతు పేరు’ అను మహాశయుడు ‘సర్వే నంబరు’ అను నంబరున పట్టాదారుడై వెలయును. కావున అధికారులారా, వరద పరిహారము పంచుటకు ముందు జాబితా నడుమ ఆయనను వెదకుడు. గోదావరి ఎంత పొంగినను మునుగని తోట ఆయనదొక్కటే.