‘నాలుగు చక్రాలూ లాగే బండి’: టీకా తాత్పర్యం

మూలం: ‘నాలుగు చక్రాలూ లాగే బండికి మంచేమిటి, మట్టేమిటి!’

అవతారిక: మంచు కురిసే దేశాల్లో చలికాలం వస్తుందనగానే కార్ల ప్రియులు రెండు మతాలుగా చీలిపోతారు. ఇరుసే బ్రహ్మమనే ఆల్‌వీల్ డ్రైవ్ వారు ఒకరు, టైరే బ్రహ్మమనే వారు మరొకరు. పై సూత్రం మొదటి మతానిది. ప్రతిపదార్థం: నాలుగు చక్రాలూ = ముందు వెనుక ఇరుసులు రెంటికీ ఇంజను బలం అందగా తిరిగే చక్రాలన్నీ; లాగే = ముందుకు నడిపే; బండికి = అంత ఖరీదు పెట్టి కొన్న కారుకు; మంచేమిటి = మంచు ఒక అడ్డమా? ‘మట్టేమిటి’ అన్నది కేవలం మకార మైత్రి కోసం పడిన మాట, దానికి వ్యాఖ్య అక్కర్లేదు. తాత్పర్యం: అట్టి కారు గలవాడు మంచురోడ్డు మీద నిర్భయుడు.

విశేషార్థం: సూత్రకారుడు ‘లాగే’ అన్నాడే గాని ‘ఆగే’ అనలేదు. నోరు జారి అన్నాడో కావాలని అన్నాడో గాని, సిద్ధాంతమంతా అక్కడే కూలింది. లాగడం ఇంజను పని, ఆగడం బ్రేకుల పని. ఎంత చవక కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి గనుక, ఆగే వేళ ఆల్‌వీల్ డ్రైవ్ వారికి ప్రత్యేకించి దక్కే పుణ్యమేమీ లేదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు, టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ గుణకం 0.3 ఉంటే, బ్రేకు తొక్కాక సుమారు 33 మీటర్లలో ఆగుతుంది. ఆ గుణకం 0.15కు పడిపోతే 66 మీటర్లు కావాలి. ఈ లెక్కలో ఇరుసుల ఊసే లేదు. బరువు కూడా కొట్టుడుపోతుంది గనుక ‘మాది పెద్ద ఎస్‌యూవీ’ అనే ఉపవాదానికీ ఇక్కడే మంగళం. రోడ్డెలాగూ మన చేతిలో లేదు, కాబట్టి గుణకాన్ని బాగుచేయగలిగింది టైరే. మామూలు వేసవి టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ దిగువన గట్టిపడుతూ పోతుంది. చలికాలపు టైరు మిశ్రమం ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది, దాని దిమ్మెల మీద కోసిన సన్నని చీలికల అంచులు మంచును కరిచి పట్టుకుంటాయి.

దీనికి పూర్వపక్షులు సినిమాను ప్రమాణంగా తెస్తారు. గడ్డకట్టిన సరస్సు మీద జేమ్స్‌బాండ్ కారు దూసుకుపోలేదా అంటారు. మీమాంసకుల లెక్కన సినిమా వట్టి అర్థవాదం, పొగడ్తే గాని విధి కాదు. విధివాక్యం కారుతో పాటు ఇచ్చే మాన్యువల్లోనే ఉంటుంది. అయినా వారి ప్రమాణాన్నే చూద్దాం. 1987 నాటి ‘ది లివింగ్ డేలైట్స్’లో ఆస్ట్రియాలోని వైసెన్‌సే సరస్సు గడ్డ మీద పరుగెత్తిన ఆస్టన్ మార్టిన్ వీ8 వెనుక చక్రాల బండి. దాన్ని మంచు మీద గట్టెక్కించినవి పక్కల నుంచి దిగే స్కీలు, టైర్లలోంచి పొడుచుకొచ్చే మేకులు. 2002 నాటి ‘డై అనదర్ డే’లోనూ వాన్‌క్విష్ కారు మంచుకోటలో గట్టెక్కింది టైరు మేకులతోనే. కథ రాసినవాళ్లకు సైతం టైరు మీదే గురి కుదిరిందన్నమాట.

‘వాన్‌క్విష్ అసలు వెనుక చక్రాల బండే, ఐస్‌లాండ్‌లో మంచు మీద చిత్రీకరణకు దాన్ని నాలుగు చక్రాలూ లాగేలా మార్చారు కదా’ అని తెలిసినవాడెవడైనా అడ్డు తగలవచ్చు. మంచి శంకే. ఆగివున్న బండి మంచు మీద కదలాలన్నా, ఏటవాలు దారి ఎక్కాలన్నా నాలుగు చక్రాల బలం నిజంగా మేలు, దాన్ని కాదనడం మొండితనం. కానీ ఆ మేలులోనే కీడుంది. రెండు చక్రాలే లాగే బండి గేటు దాటుతూనే చక్రాలు తిప్పి తిప్పి రోడ్డెలా ఉందో చెప్పేస్తుంది. నాలుగు చక్రాల బండి ఆ కబురు మింగేసి సాఫీగా వేగం అందుకుంటుంది, జారుడెంతో యజమానికి తెలిసేది ఎర్రలైటు దగ్గరే.

రాజశాసనాలు కూడా టైరు పక్షమే. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా కార్లకు చలికాలపు టైర్లు తప్పనిసరి. మాంట్రియల్‌లో స్థిరపడిన తెలుగువాడు ‘మాది ఆల్‌వీల్ డ్రైవ్’ అంటే మినహాయింపు రాదు. వైసెన్‌సే ఉన్న ఆస్ట్రియాలో అయితే చలికాలపు రేడియల్ టైరు గాడి లోతు 4 మిల్లీమీటర్ల కంటే తక్కువకు అరిగితే అది చలికాలపు టైరే కాదు.

తక్కిన అంగాల సంగతి క్లుప్తంగా. బ్యాటరీ మీద సీసీఏ అని ముద్రించే అంకె సున్నాకు 18 డిగ్రీల దిగువన అది ఎంత కరెంటు ఇవ్వగలదో చెబుతుంది. 0డబ్ల్యూ-20 ఆయిల్లో ‘డబ్ల్యూ’ చలికాలానికి గుర్తు. ఈ రెండూ సరిగా లేకపోతే కారు కదలదు, కదలని కారుకు జారే భయమూ లేదు గనుక టీకాకారుడు వీటిపై వాదానికి దిగడు.

పాఠాంతరం: ‘ముందు చక్రాలు లాగే బండికి ముందు రెంటికే చలికాలపు టైర్లు చాలు’ అని కొన్ని ప్రతుల్లో కనబడుతుంది. ఇది పొదుపరుల ప్రక్షిప్తం. ముందు టైర్లు పట్టు దొరికి తిరిగిన మలుపులో వెనుకవి పట్టు తప్పి, బండి తోక పక్కకు విసిరేస్తుంది. కాబట్టి ఈ పాఠం అగ్రాహ్యం.