దారిలోనే కదా!

"దారిలోనే కదా" అన్న మాట మొదట అన్నది నేనే. దీని మీద మా ఇంట్లో రెండు కథలు నడుస్తున్నాయి. ఒక కథలో ఆ మాట మావారన్నారు, ఇంకో కథలో పిల్లలన్నారు. రెండు కథలూ పుట్టించింది నేనే కాబట్టి అసలు సంగతి కూడా నేనే చెప్పడం న్యాయం.

మావారు మద్రాస్ శాపర్స్‌లో హవల్దారు. 1780లో మొదలైన దళం అది. వంతెనలు వేయడం, మందుపాతరలు ఏరడం వాళ్ళ పని. ఆ దళంలో అందరినీ ముద్దుగా "తంబి" అంటారు, మా శ్రీకాకుళం తంబితో సహా. పఠాన్‌కోట్‌లో మూడేళ్ళు అయ్యాక బెంగళూరులో ఉన్న వాళ్ళ సెంటర్‌కి పోస్టింగ్ వచ్చింది. రైలు వారంటు తీసుకుని బెర్తుల మీద పడుకుని పోవచ్చు. కానీ అక్కడుండగా ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాం, దాన్ని ఎవరి నెత్తిన పెట్టి రావాలి? అందుకని రోడ్డు దారి పట్టాలనుకున్నాం. ఎన్‌హెచ్ 44 ఎక్కితే జలంధర్, ఢిల్లీ, ఝాన్సీ, నాగ్‌పూర్, హైదరాబాదు మీదుగా నేరుగా బెంగళూరు. రెండున్నర వేల కిలోమీటర్ల పైచిలుకు. "నాలుగు పగళ్ళు నడిపితే అయిదో నాడు మన క్వార్టర్‌లో పాలు పొంగించుకోవచ్చు" అన్నారు మావారు. ఒక కాగితం మీద పెట్రోలు, భోజనం, నిద్ర అన్నీ గంటల లెక్కన రాశారు కూడా.

నేను ఆ కాగితం వెనకవైపు తిప్పాను. ఎవరి కంటికైనా అది రోడ్డు. నా కంటికి మాత్రం చుట్టాల్ని గుచ్చిన దండలా కనిపించింది. ఢిల్లీలో చిన్నాన్న కూతురు, నాగ్‌పూర్‌లో రైల్వేలో రిటైరైన బాబాయి, కూకట్‌పల్లిలో మా పెద్దక్క, కర్నూల్లో పిన్ని, అనంతపురం దగ్గర పల్లెలో మా అమ్మ. అందరూ దారిలోనే! ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కొక్క పూట. హోటలు ఖర్చు మిగులు. వాళ్ళు సంతోషిస్తారు, పిల్లలకి బంధుత్వాలు తెలుస్తాయి... ఇలా నేను చెప్పుకుపోతుంటే మావారు ఒకే ఒక్క మాట అడిగారు.

"మా అమ్మో?"

అత్తగారి ఊరు ఆమదాలవలస అవతల. హైదరాబాదు నుంచి ఏడొందల కిలోమీటర్లు పక్కకి. "ఆవిడ దారిలో లేరు కదండీ. దసరాకి ప్రత్యేకంగా వెళ్దాం లెండి" అన్నాను, భూగోళశాస్త్రం మీద తప్పు నెట్టేసి. మావారు మాట్లాడలేదు. నేల చూసి ఎక్కడ మందుపాతర ఉందో చెప్పగల మనిషి. ఎక్కడ అడుగు వేయకూడదో ఆయనకి తెలుసు.

సామాను సర్దడం గురించి ఎక్కువ చెప్పను. మిలిటరీ ఇల్లాలికి అదో వ్రతం, ఉద్యాపన ఉండదు. నల్లరంగు పెట్టెలు పద్దెనిమిది. ఒక్కోదాని మీద తెల్లరంగుతో పేరు, నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నీ. క్వార్టర్ అప్పగించే ముందురోజు రాత్రి గోడలకున్న మేకు కన్నాలన్నిటికీ నేను టూత్‌పేస్టు కూరాను. మూడేళ్ళలో ఎన్ని కేలండర్లు తగిలించానో అప్పుడు లెక్క తేలింది. ఒకటిన్నర ట్యూబు.

చుట్టాలకి బహుమతులు కొన్నాను. అమ్మకి మాత్రం ప్రత్యేకంగా, ఎర్ర గుడ్డ మీద పసుప్పచ్చ పట్టుదారంతో కుట్టిన ఫుల్కారీ శాలువా. వీడియో కాల్‌లో అటూ ఇటూ తిప్పి చూపించాను. అమ్మ చూసి "ఇంత ఖరీదు నాకెందుకు పాపా" అంటూనే, "అంచు ఏ రంగు? ఇంగోసారి చూపీ" అంది. అత్తగారికి ఏం కొన్నావని మీరు అడగొద్దు. ఆవిడ దారిలో లేరని చెప్పాను కదా.

పొట్లాలు కట్టేటప్పుడు మావారికి పెట్టెల అలవాటు వదల్లేదు. ప్రతి పొట్లం మీదా చీటీ అంటించాలన్నారు. నేను చెప్తూ పోయాను, ఆయన రాస్తూ పోయారు. "ఇది ఢిల్లీ అక్కకి. ఇది నాగ్‌పూర్ బాబాయికి. ఇది అమ్మకి." ఆయన ఫౌజు మనిషి. ఆర్డరు ఎలా వస్తే అలా రాస్తారు. "అమ్మకి" అనే రాశారు.

ఢిల్లీలో ఒక్క పూట అనుకున్నది రెండు రాత్రులైంది. చుట్టం ఇంటికెళ్ళి బయల్దేరుతామనడం, వాళ్ళు "అప్పుడేనా" అనడం, మనం కూర్చోవడం, ఇదంతా నాటకమని రెండు పక్షాలకీ తెలుసు. నాకొక్కదానికే నాటకం ఎక్కడ ఆపాలో తెలీదు. అక్క "అప్పుడేనా" అన్నప్పుడల్లా నేను నిజంగానే కూర్చున్నాను. గది ఖాళీ చేసి హాల్లో పడుకున్న వాళ్ళబ్బాయి రెండో రాత్రి ఫోన్‌లో ఎవరితోనో "యుద్ధమేమైనా వస్తే వెళ్తారేమో" అంటుంటే విన్నాను. విననట్టు నటించాను. అది మాత్రం బాగా నటించాను.

ఆగ్రాలో తాజ్‌మహల్ చూద్దామని పిల్లలు గోల పెట్టారు. టైము లేదన్నాను. షాజహాను మనకి చుట్టం కాదు కదా.

నాగ్‌పూర్ బాబాయిని నేను ఆఖరిసారి చూసింది పదిహేనేళ్ళ కిందట ఒక పెళ్ళి పందిట్లో. మే నెల ఎండ. కార్లోంచి దిగిన వాళ్ళం దిగినట్టే వాళ్ళ కూలర్ ముందు వరసగా కూలబడ్డాం. బాబాయి, పిన్ని ఎంతో ఆదరించారు. వంకాయ కూర, పప్పుచారు, కొసరి కొసరి వడ్డన. కాకపోతే ఆయన నన్ను మొదటినుంచీ మా పెద్దక్క పేరుతో పిలుస్తున్నారు. మొదటిసారి సరిదిద్దడానికి మొహమాటపడ్డాను. రెండోసారికి ఆలస్యమైపోయింది. రాత్రి పడుకోబోయే ముందు "మీ చెల్లెలు మిలిటరీ అతన్ని చేసుకుంది కదమ్మా, ఎలా ఉంది? కాస్త నోరు పెద్దదనేవారు" అన్నారు. "ఇప్పుడు తగ్గింది బాబాయ్" అన్నాను. పక్కగదిలో మావారు దగ్గారు.

అలా ఏడో రోజుకి పెన్‌గంగ దాటి, ఆదిలాబాద్, నిర్మల్ మీదుగా హైదరాబాదు చేరాం. ఆ మర్నాడు పొద్దున్నే కూకట్‌పల్లిలో అక్కావాళ్ళ తలుపు గంట మోగింది. పాలవాడనుకుని నేనే తీశాను. ఎదురుగా అత్తగారు. నుదుటి మీద రూపాయంత బొట్టు, రెండు చేతుల్లో రెండు సంచులు. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా కూర్చుని సికింద్రాబాద్‌లో దిగి, ఆటోవాడితో బేరమాడి మరీ వచ్చారు.

"ఏటమ్మా, మీ దార్లో నాను లేనంట గదా. అందుకే నానే దార్లోకి వచ్చీసినాను."

ఫోన్‌లో చెప్పింది ఎవరో కాదు, నా కూతురే. "నానమ్మా, నువ్వు మా దారిలో లేవంట, అమ్మ చెప్పింది" అని, రెండో తరగతి పిల్ల, ఎంతో బాధ్యతగా. వంటింట్లోకి పరిగెత్తితే అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "మీ అత్తగారు దారికొచ్చారే!" అంది. ఎవరు దారికొస్తారో నాకప్పుడే అర్థమైంది.

అత్తగారు బెంగళూరు దాకా వస్తానన్నారు. కొత్త క్వార్టర్ కడుక్కోవడానికి సాయం కావద్దా? ఆవిడకి ముందు సీటు. నేను వెనక పిల్లల మధ్య. సంచుల్లో ఒకదాంట్లో పలాస జీడిపప్పు, చోడిపిండి. రెండోదాంట్లో ఎండు నెత్తళ్ళు, కొడుక్కి ప్రాణం. అది డిక్కీలో మావారి యూనిఫాం సూట్‌కేసు మీద కూర్చుంది. ఏసీ వేస్తే కారంతా భీమిలి రేవు. తీస్తే నలభై రెండు డిగ్రీలు. నేను మాత్రం ఒక్క మాట అనలేదు. అనే అర్హత ఆ పొద్దున్నే పోయింది.

జడ్చర్ల దాటాక టీకి ఆగాం. మందుల డబ్బా కోసం డిక్కీ తీసిన అత్తగారు ఎంతకీ రాకపోతే వెళ్ళి చూశాను. చేతిలో ఆ పొట్లం. ఆవిడ చదువు అయిదో తరగతి దాకానే, కానీ కొడుకు రాతని ఎక్కడున్నా గుర్తుపడతారు. పట్టాల మీద బోల్తాపడిన బోగీల్లాంటి అక్షరాలు. "అమ్మకి."

"సిన్నోడి రాతే గదా ఇది?" అన్నారు.

పొట్లం అప్పటికే విప్పేశారు. శాలువాని కప్పుకోలేదు, ముఖానికి ఆనించుకోలేదు. బొటనవేలితో ఒక్కొక్క పువ్వూ తడుముతూ వరస చివరిదాకా వెళ్ళారు, మళ్ళీ రెండో వరస మొదలుపెట్టారు. కుట్టు ఎక్కడైనా వదిలిందేమో చూస్తున్నారనుకున్నాను. తర్వాత ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకున్నారు. మావారు గ్లాసు పట్టుకుని నావైపు చూశారు. వంతెనలు వేసే మనిషి, ఒక్క పలక కూడా వేయలేదు.

"మీకోసమే అత్తయ్యా" అన్నాను. అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. "పఠాన్‌కోట్ బజారంతా ఏరి ఏరి తెచ్చాను."

అంత మాట అన్నాక ఆవిడ కప్పుకోకుండా ఉంటారా? మే నెలలో, తెలంగాణ ఎండలో, శాలువా కప్పుకుని కూర్చున్నారు. ఆవిడకి ఉక్కపోయకూడదని నేను ఏసీ పెంచమన్నాను. నెత్తళ్ళు సంతోషించాయి.

బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలు దగ్గర తుంగభద్ర దాటాం. పిన్ని ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టింది. బయల్దేరేటప్పుడు ఒక బుట్ట బంగినపల్లి మామిడిపళ్ళు నా ఒళ్ళో పెట్టింది, కార్లో ఖాళీ ఉన్నది అదొక్కటే మరి. అత్తగారి శాలువా చూసి "ఎంత బాగుందో!" అంది. మా పిన్నికి ఒక విషయం బాగుందనిపిస్తే దాన్ని వెంటనే మా అమ్మకి ఫోన్లో చెప్పాలి. ఆ సంగతి నాకు గుత్తి కోట కనబడ్డాక గుర్తొచ్చింది. అప్పటికి గంటన్నర ఆలస్యం.

ఇంటి ముందు కారు ఆగేసరికి అమ్మ వాకిట్లో ఉంది. నన్ను చూడలేదు, మనవల్ని చూడలేదు. "రాండి వదినా, రాండి" అని అత్తగారి చెయ్యి పట్టుకుని దింపింది. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చింది. మంచం మీద కూర్చోబెట్టింది. అప్పుడు ఎంతో మామూలుగా అడిగింది: "శాలువా శానా బాగుండాది వదినా. యాడ కొన్నారు?"

"నాను కొనడమేటి! నా కోడలు నాకోసరం పంజాబు నుంచి తెచ్చినాది. ఇదిగో సూడండి, సీటీ కూడా ఉంది. నా కొడుకు రాత." కొంగుముడి విప్పారు. నాలుగు మడతలు తెరిచారు.

అమ్మ ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. ఉన్నవి మూడక్షరాలే. ఎంతసేపు చదివిందంటే, నేను మామిడిపళ్ళ బుట్ట దింపి, పళ్ళన్నీ ఒకసారి లెక్కపెట్టి, మళ్ళీ బుట్టలో సర్దాను. "రాత గుండ్రంగా ఉండాది" అని చీటీ తిరిగిచ్చింది.

రాత్రి సంగటి, ఊరుబిండి. అమ్మ సంగటి ముద్ద చేస్తూ, గరిటె ఆపకుండా అడిగింది.

"పాపా, ఫోన్లో చూపిచ్చినావే, ఆ ఎర్రది. యాడ పెట్టినావు?"

"పెట్టెలో ఉందమ్మా. లారీలో వస్తోంది."

"సరే లే. లారీ కదా, నిదానంగా వస్తాది" అంది అమ్మ. ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసి నా కంచంలో వేసింది. నెయ్యి రోజూ వేసేదానికంటే తక్కువేమీ లేదు. అదే నాకు భయం వేసింది.

ఒక్క పూట అనుకున్న చోట రెండు రోజులున్నాం. నేను వేరుశనక్కాయలు వొలుస్తూ చూస్తుండగానే వియ్యపురాళ్ళిద్దరూ జట్టు కట్టేశారు. మా అమ్మ జన్మలో ఎండుచేప ముట్టలేదు, ఆ సంచిని పెరట్లో జామచెట్టు కొమ్మకి పిల్లి అందుకోకుండా తనే కట్టింది. అత్తగారు ఓళిగలు నేర్చుకున్నారు. వాళ్ళిద్దరూ దేని గురించో నవ్వుకుంటుంటే నేను వెళ్ళాను, ఆపేశారు. ఇద్దరిలో ఎవరికి ఎంత తెలుసో నాకు ఇవాళ్టికీ తెలీదు.

బెంగళూరు చేరింది మూవ్‌మెంట్ ఆర్డర్ గడువుకి ముందు సాయంత్రం. లారీ వచ్చి అప్పటికి వారమైంది. పద్దెనిమిది పెట్టెలూ వరండాలో టార్పాలిన్ కింద మాకోసం కాపు కాస్తున్నాయి. మర్నాడు మావారు రిపోర్టు చేయడానికి యూనిఫాం వేసుకుని వెళ్ళారు. లైన్లో పక్కనున్న తంబి గాలి పీల్చి, ఇవాళ మెస్‌లో చేపలా అని అడిగాడట. ఆయన ఆ సంగతి చెప్పి ఊరుకున్నారు. "దారిలోనే కదా" అన్న మాట ఎత్తలేదు. ఎత్తినా బాగుండేది.

ఆ రాత్రి అమ్మ కట్టిచ్చిన మూటలు విప్పాను. శనక్కాయలు, ఊరుబిండి, ఎండు మిరపకాయలు. అడుగున ఒక స్టీలు డబ్బా, మూత చుట్టూ గుడ్డ. తెరవకముందే తెలిసిపోయింది, ఓళిగలు. నాకు ప్రాణం. మూత మీద ఒక చీటీ అంటించి ఉంది. మా అమ్మ రాత.

"వదినకి."

అత్తగారు మంచం మీద డబ్బా పెట్టుకుని మూత తీశారు. శాలువా ఒళ్ళో ఉంది. ఒకటి తీసి మధ్యకి తుంచి, పెద్ద ముక్క ఏదో చూసి, రెండోది నాకిచ్చారు.