గ్యాస్

నాకు భయాలెక్కువ. వాటిలో పెద్దపీట గ్యాస్‌ది. వంటింట్లో 14.2 కిలోల బండ ఉందన్న సంగతి పగలు గుర్తుండదు, అర్ధరాత్రి గుర్తొస్తుంది. లీకైతే ఫోన్ చెయ్యాల్సిన 1906 నంబరును పడగ్గది తలుపు మీద సుద్దముక్కతో రాసుకున్నవాణ్ణి.

"ఏమోయ్, రెగ్యులేటర్ కట్టావా?"

"కట్టేశానండీ."

"వాసనేమైనా వస్తోందేమో, ఒక్కసారి చూసిరా."

నేనే లేవొచ్చుగా అంటారేమో. నాకు సైనస్. లీకు తెలియాలనే గ్యాస్‌లో మెర్కాప్టాన్ కలుపుతారు. ఆ కంపు పట్టాలంటే ముక్కు పనిచెయ్యాలి కదా! పాపం, ఆవిడ గోడ పట్టుకుని వెళ్లి, గోడ పట్టుకుని వచ్చేది.

చివరికి మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాను. మాత్రలు రాస్తాడనుకుంటే నోటుబుక్కు కొనుక్కోమన్నాడు. భయం పుట్టగానే ఒక్క ముక్కలో రాసి వాయిదా వెయ్యాలి. సాయంత్రం ఒకే టైముకి, ఒకే కుర్చీలో కూర్చుని, అరగంటలో అన్నీ కలిపి భయపడాలి. 1983లో అమెరికాలో బోర్కోవెక్ అనే ఆయనా, ఆయన జట్టూ పరీక్షించి చూసిన పద్ధతిట. ట్యూషన్ టైములాగా ఉంది, రిటైరైన లెక్కల మాస్టార్ని, నచ్చింది.

ఐదు నుంచి ఐదున్నర. వరండాలో పేము కుర్చీ. మా ఆవిడ కాఫీ పెట్టి, చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయేది. తమాషా ఏమిటంటే, పొద్దున రాసుకున్నది సాయంత్రం చదివితే అందులో అంత భయపడాల్సింది ఏముందో నాకే అంతుపట్టేది కాదు. అరగంట గడవక జంతికలు నమిలేవాణ్ణి.

ఒకసారి ఐదున్నర కాకుండానే ఆవిడ వచ్చి, "మేడ మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందేమిటోనండీ" అంది. "గ్యాసేలే, కాస్త వాము నమలు" అని మళ్లీ పుస్తకంలో పడ్డాను. టైము తప్పితే పద్ధతి పనిచెయ్యదని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

నలభయ్యో రోజున లెక్క తీశాను. మొత్తం భయాలు 91. గ్యాస్ లీకు 38, నా బీపీ 21, అబ్బాయి కారు 17, పెన్షన్ ఆగిపోవడం 9, పక్కింటి చెట్టు కొబ్బరికాయ నా నెత్తిన పడటం 6. జరిగినవి: సున్నా.

గబగబా వంటింట్లోకి వెళ్లి పుస్తకం ఆవిడ చేతిలో పెట్టాను. చెంగుకు చేతులు తుడుచుకుని మొదటి పేజీ నుంచీ చదివింది. దేనికోసమో వెతుకుతున్నట్టు మళ్లీ వెనక్కి తిప్పింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే! ఒక్కటీ జరగలేదు చూశావా!"

ఆవిడ ఫ్రిజ్ మీది నుంచి ఒక కవరు తీసి, ఆ పుస్తకంలో పెట్టి నాకిచ్చింది. ఆసుపత్రి కవరు. మీద తేదీ పది రోజుల కిందటిది.

"పక్కింటి అమ్మాయి తీసుకెళ్లింది. అది గ్యాస్ కాదటండీ."