భీమ్ డాడీ మడి

మా అపార్ట్‌మెంటులో ఆయన అసలు పేరు తెలిసినవాళ్లు ఇద్దరే: మెయింటెనెన్స్ రసీదు రాసే సూపర్‌వైజరు, ఆయన భార్య. తక్కిన అందరికీ ఆయన భీమ్ డాడీ. భీమ్ అంటే వాళ్ల కుక్క. షిట్జూ జాతి. బరువు ఆరు కిలోలు. అందులో బొచ్చు వాటా ఎంతో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. కుక్కర్ కూత వేస్తే సోఫా కింద దూరుతుంది. లిఫ్టులో చంటిపిల్ల చేతిలో బుడగ కనిపిస్తే డాడీ కాళ్ల వెనక్కి చేరుతుంది. ఈ భీమ్ నిజానికి తోడేలనీ, పైకి మాత్రం ఇలా కనబడుతోందనీ డాడీ గట్టి నమ్మకం.

ఇలాంటి డాడీలు ఇప్పుడు కొండాపూర్‌లో, నల్లగండ్లలో, మణికొండలో బ్లాకుకి ఒకరు తేలుతున్నారు. గుర్తుపట్టడం తేలిక. వయసు నలభై దాటి ఉంటుంది. సాఫ్ట్‌వేరులో మేనేజరు. పొద్దున తానేం తిన్నాడో సాయంత్రానికి గుర్తుండదు గానీ, కుక్క పోయిన మంగళవారం ఏం తిన్నదో గ్రాములతో సహా చెబుతాడు. కొత్తగా పరిచయమైతే "మీవాడికి ఏం పెడుతున్నారండీ?" అని అడుగుతాడు. మనం కొడుకు గురించి అనుకుని "పొద్దున్న ఇడ్లీ, రాత్రికి చపాతీ" అంటాం. ఆయన మొహం చిన్నబోతుంది. "అంత పిండి పడదండీ వాడి ఒంటికి" అని మన కొడుకు ఆరోగ్యం కోసం మనసారా బాధపడతాడు.

ఇక అసలు విశేషం: మా భీమ్ డాడీ శుద్ధ శాకాహారి. తెనాలి వైపు వైదిక కుటుంబం. కోడిగుడ్డు ముట్టడు. కేకు ఎగ్‌లెస్సేనా అని బేకరీ కుర్రాణ్ణి అడిగి, వాడు అవునన్నాక వాడి వెనకున్న ఓనర్ని అడుగుతాడు. అలాంటి మనిషి ఆదివారం తెల్లారి ఏడింటికల్లా మటన్ షాపు ముందు నిలబడి, పక్కవాళ్లు వద్దని తోసేసినవన్నీ పేరుపేరునా పిలిచి అడుగుతాడు. కార్జం, గుండెకాయ, గుర్దా, తిల్లి. అక్కణ్ణించి కోళ్ల షాపుకి పోయి మెడలు, కాళ్లు, కందనకాయలు. "మీరేమో తినరు, దానికి మాత్రం పెడతారేమిటండీ?" అంటే, "ఎవరి ధర్మం వాళ్లదండీ" అని గీతలో చెప్పినంత నిబ్బరంగా చెబుతాడు.

పేచీ అంతా బోటీ దగ్గర. లోకంలో అందరూ బోటీని తెల్లగా వచ్చేదాకా కడిగించుకుంటారు. ఈయన కడగొద్దంటాడు. మేక చివరిసారి మేసిన ఆకుల పసరు అందులో అలాగే ఉండాలి, కుక్కకి కావలసిన సారమంతా అందులోనే ఉందంటాడు. కత్తి పట్టినప్పటి నుంచీ బోటీ బాగా కడగలేదని తిట్లు తిన్న భాయ్, కడిగినందుకు తిట్లు తినడం అదే మొదలు. ఒక ఆదివారం ఇక ఉండబట్టలేక అడిగాడు.

"సాబ్, తిల్లి మీ ఇంట్ల ఎట్ల వండుతరు?"

"వండం భాయ్. పచ్చిదే."

వరసలో నిలబడ్డవాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. "కుక్కకండీ, కుక్కకి" అని నేనే సర్దిచెప్పబోయాను. అప్పటికే ఇద్దరు రోడ్డు దాటేశారు.

ఈ మతానికి ఆచార్యుడు ఇయాన్ బిలింగ్‌హర్స్ట్ అనే ఆస్ట్రేలియా పశువైద్యుడు. 'గివ్ యువర్ డాగ్ ఎ బోన్' అని 1993లో పుస్తకం రాశాడు. కుక్క తోడేలు సంతతి, అది పుట్టింది పచ్చి మాంసం తిని ఎముక కొరకడానికే, సంచుల్లో అమ్మే ఎండు గుళికలు నిన్న మొన్న వచ్చాయి అని ఆయన వాదం. నిన్న మొన్నే అన్నది నిజమే; లండన్‌లో జేమ్స్ స్ప్రాట్ కుక్క బిస్కెట్లు అమ్మడం మొదలుపెట్టింది 1860ల్లో. ఇంతవరకూ అందరిదీ ఒకటే మాట. ఆ పైన శాఖాభేదాలు. బిలింగ్‌హర్స్ట్ గారి 'బార్ఫ్' శాఖలో కాసిన్ని కూరగాయలూ పళ్లూ కలపొచ్చు. 'ప్రే మోడల్' శాఖ వారికి అది పనికిరాదు. వేటాడిన జంతువు ఎలా ఉంటుందో గిన్నె అలా ఉండాలి: 80 పాళ్లు కండ, 10 ఎముక, 10 లోపలి అవయవాలు, ఆ పదిలో సగం కార్జం. మా డాడీ మొదట బార్ఫ్‌లో ఉండి, తరవాత ప్రే మోడల్ పుచ్చుకున్నాడు. అప్పటి నుంచీ భార్య క్యారెట్ హల్వా చేసిన రోజున భీమ్‌ని వంటింటి గడప తొక్కనివ్వడు.

లెక్క కూడా వినండి. ఎదిగిన కుక్కకి రోజుకి ఒంటి బరువులో రెండు నుంచి మూడు శాతం తిండి. ఆరు కిలోల భీమ్‌కి డాడీ ఖాయం చేసింది 150 గ్రాములు. కండ 120, ఎముక 15, అవయవాలు 15. అందులో కార్జం ఏడున్నర. వంటింటి త్రాసు ఏడు చూపిస్తుంది, లేదా ఎనిమిది చూపిస్తుంది. ఏడున్నర చూపించడం దాని వల్ల కాదు. ఆ అరగ్రాము కోసం డాడీ బంగారం తూచే బుల్లి త్రాసు తెప్పించాడు. కార్జంలో విటమిన్ ఏ దండిగా ఉంటుంది, నెలల తరబడి అతిగా పెడితే ఎముకలు పాడవుతాయి. ఆ మాట శాస్త్రమే. అరగ్రాము మాత్రం డాడీ సొంతం. "నా పెళ్లయ్యాక ఈ ఇంట్లోకి వచ్చిన బంగారం కంటే, ఆ త్రాసు మీద తూగిన కార్జమే ఎక్కువ" అంటుంది ఆవిడ.

ఆయన ఫోనులో ఫొటోలు చూపిస్తానంటే వెంటనే పని గుర్తొచ్చినట్టు లేవండి. ఊటీ ట్రిప్పు, మేనకోడలి ఓణీల ఫంక్షను చూపిస్తూ చూపిస్తూ, మధ్యలో హఠాత్తుగా భీమ్ కాలకృత్యం వస్తుంది. తేదీ వారీగా. "చూశారా, ఎంత చిన్నగా, ఎంత పొడిగా ఉందో! గుళికలు తిన్న రోజుల్లో ఇలా ఉండేది" అని వెనక్కి జరిపి పాతది కూడా చూపిస్తాడు. పచ్చి మాంసం బాగా జీర్ణమవుతుంది కాబట్టి బయటికి పోయేది తక్కువే, కాదనడానికి లేదు. కానీ మనం అప్పుడే పెసరట్టు తుంచి ఉంటాం.

మా మూడో బ్లాకులో జువాలజీ చెప్పి రిటైరైన మాస్టారొకరున్నారు. డాడీకి ఆయనంటే గౌరవం, ఆయన నోరు తెరిస్తే భయం. 2013లో స్వీడన్ పరిశోధకులు 'నేచర్' పత్రికలో ఒక సంగతి బయటపెట్టారు: పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్ఫై దాకా ఉన్నాయని. మాస్టారు ఇది లిఫ్టులో చెప్పారు, తప్పించుకోవడానికి వీల్లేకుండా. "మనిషి గుమ్మంలో గంజీ సంగటీ తిని తిని కుక్క రక్తమే మారిపోయిందయ్యా. మీ భీమ్‌కి తోడేలు ఎప్పటి చుట్టమో!"

"అలవాటు పడింది మాస్టారూ. ఇష్టపడలేదు. మనం ఉద్యోగాలకి పడ్డట్టు."

"పోనీ, పిల్లిని తెచ్చుకో. అది మాంసం లేందే బతకదు. టారిన్ అనేది తన ఒంట్లో చాలినంత తయారుచేసుకోలేదు. తిండిలో అది చాలకపోతే గుండె చెడుతుందని 1987లోనే తేల్చారు. నీ సిద్ధాంతానికి సరిపోయిన జంతువు అదీ."

ఆ మాటకి డాడీ జవాబు చెప్పలేదు. ఆయనకి పిల్లి బొచ్చు పడదు. పేరెత్తితేనే తుమ్ములు.

భీమ్‌ని చూసే పశువుల డాక్టరు గారు ఇంకొంచెం కటువుగా చెప్పారు. పెంపుడు జంతువులకి పచ్చి మాంసం వద్దని అమెరికా పశువైద్య సంఘం 2012లోనే తీర్మానించింది. పచ్చి మాంసంలో సాల్మొనెల్లా, లిస్టీరియా ఉండొచ్చు. కుక్క రాయిలా తిరుగుతూనే వాటిని మలంలో ఇంటిచుట్టూ పంచిపెట్టొచ్చు. జబ్బు పడేది ఇంట్లో పసిపిల్లలూ ముసలివాళ్లూ.

"డీప్ ఫ్రీజరులో పెడుతున్నాను కదండీ, చావవా?"

"చావవు. ముసుగుతన్ని పడుకుంటాయి. మీరు కరిగించగానే లేస్తాయి."

ఇంకొకరైతే అక్కడితో మానేసేవారు. మా డాడీ మానలేదు, మడి కట్టాడు. ఆ రోజు నుంచీ భీమ్ ప్రసాదానికి చెక్క వేరు, కత్తి వేరు, గిన్నె వేరు, తుడిచే గుడ్డ వేరు. ఆ గట్టు వైపు వంటమనిషికి ప్రవేశం లేదు. మాంసం గట్టు మీద పెట్టి కరిగించకూడదు. మూత బిగించిన డబ్బాలో, ఫ్రిజ్ అడుగు అరలో, రాత్రంతా కరగాలి. చేతులకి తొడుగులు. తినడం కాగానే గిన్నె వేడినీళ్లలోకి, నేల బ్లీచింగులోకి, భీమ్ మూతి తడిగుడ్డలోకి. మూతి తుడిచే వరకూ భీమ్‌ని ఎవరూ అంటుకోకూడదు, భీమ్ ఎవర్నీ అంటుకోకూడదు. పొరపాటున భార్య చీర కొంగు ఆ గట్టుకి తగిలితే, "తగిలింది, తగిలింది!" అని కేక.

అప్పుడు తెనాలి నుంచి వాళ్లమ్మ గారు వచ్చారు. ఆవిడ మడీ ఆచారం మా అపార్ట్‌మెంటంతా విని ఉన్నదే. కోడలు ముందు రోజు ఫ్రీజరు మీద దుప్పటి కప్పింది. డాడీ సెలవు పెట్టాడు. పెద్దావిడ కుర్చీ వేయించుకుని, కొడుకు తంతు మొదటి నుంచి చివరిదాకా కళ్లార్పకుండా చూశారు. ఆవిడ ఇప్పుడు పెట్టె సర్దుకుంటారని కోడలు, స్పృహ తప్పుతారని కొడుకు ఎదురుచూస్తున్నారు. ఆవిడ గొంతు సవరించుకున్నారు.

"ఒరే నాన్నా, ఆ తొడుగుల చేత్తో కొళాయి విప్పావు. తొడుగులు తీసి చెయ్యి కడుక్కున్నావు. కడుక్కున్న చేత్తో మళ్లీ అదే కొళాయి కట్టావు. ఇప్పుడు నీ చెయ్యి మడేనా, మైలా?"

డాడీ నోట మాట లేదు. డాక్టరుకీ తట్టలేదు, మాస్టారికీ తట్టలేదు.

"మీ బామ్మయితే మోచేత్తో తిప్పేది" అని, ఆవిడ కుర్చీ లోంచి లేచారు. "మాంసం సంగతి నాకు తెలీదు. మడి సంగతి నాకు చెప్పకు."

మర్నాడే ప్లంబరు వచ్చి మోచేత్తో తిప్పే కొళాయి బిగించాడు. దానితో నాకు ఈ మనిషి పూర్తిగా అర్థమయ్యాడు. కాలేజీ రోజుల్లో ఆవకాయ జాడీ ముట్టుకోనివ్వలేదని బామ్మతో పోట్లాడి, "దీనికి శాస్త్రీయమైన కారణం చెప్పు" అని నిలదీసి, జంధ్యం హాస్టల్లో మేకుకి తగిలించి వచ్చిన విప్లవకారుడట ఈయన. ఆ కారణం ఇన్నేళ్లకి దొరికింది. దాని పేరు సాల్మొనెల్లా. తోడేలు స్వేచ్ఛ అంటూ బయల్దేరిన మనిషి నేరుగా బామ్మ వంటింట్లోకి వచ్చి పడ్డాడు. ఏ తోడేలు తండ్రీ మడి కట్టుకుని ఏడున్నర గ్రాములు తూచి పెట్టడు. అడవిలో ఎంత దొరికితే అంత, లేకపోతే పస్తు. ఇంత ఆచారంతో తిండి పెట్టించుకోవడం మన దేవుళ్లకే చెల్లింది, ఇప్పుడు భీమ్‌కి చెల్లుతోంది.

ఎంత నిష్ఠాపరుడికైనా ఒక బలహీన ఘడియ ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లకి బర్డ్ ఫ్లూ వచ్చింది. అంతకుముందే అమెరికాలో, ఒరెగాన్‌లో, పచ్చి మాంసపు తిండి తిన్న పిల్లి ఒకటి అదే జబ్బుతో పోయిందని డాడీ చదివి ఉన్నాడు. ఉడికిస్తే ఆ వైరస్ చస్తుందనీ చదివాడు. ఆ రోజుల్లో అర్ధరాత్రి దాటాక వాళ్లింట్లోంచి కుక్కర్ కూతలు వినిపించేవి. ఎముకలు జాగ్రత్తగా ఏరేసేవాడట, ఉడికిన ఎముక పెళుసెక్కి పేగుల్లో గుచ్చుకుంటుందని. పొద్దున ఎవరైనా అడిగితే "పప్పండీ, మా ఆవిడకి నిద్ర పట్టలేదు" అనేవాడు. పాపం, ఆ కూతలకి భీమ్ సోఫా కింద, తన తిండి కోసమేనని తెలియక.

జబ్బు తగ్గుముఖం పట్టింది, కుక్కరు అటకెక్కింది, డాడీ మళ్లీ పచ్చిలో పడ్డాడు. అలా అక్టోబరు వచ్చింది. ఆ ఏడు దసరా, గాంధీ జయంతి ఒకే రోజున పడ్డాయి. గాంధీ జయంతికి హైదరాబాదులో మాంసం షాపులు మూయాలి. తెలంగాణలో దసరాకి మాంసం ఉండాలి. ముందుచూపున్నవాళ్లు ఒకటో తారీఖునే వరసల్లో నిలబడి తెచ్చుకున్నారు. డాడీ పక్క ఫ్లాట్‌లో ఉండే వరంగల్ పెద్దమనిషి మర్చిపోయాడు. పైగా అదే పొద్దున కొత్తల్లుడు దిగాడు. ఆయనకి ఎవరో చెవిలో వేశారు: ఈ బ్లాకు మొత్తంలో కిలోలకొద్దీ మటన్ నిలవ ఉన్నది ఒక్క శాకాహారి ఇంట్లోనే అని.

"అన్నా, ఇజ్జత్ కా సవాల్. అల్లుడొచ్చిండు. మీ ఫ్రీజర్ల నుంచి ఒక కిలో ఇయ్యరాదే, ఎల్లుండి తెచ్చి పెడ్త."

డాడీ మంచివాడు. కాదనడం రాదు. ఫ్రీజరు మూత ఎత్తాడు. లోపల డిసెంబరు దాకా తేదీలు అంటించిన డబ్బాలు చలికి పొగలు కక్కుతున్నాయి. ఒక డబ్బా తీశాడు, తుడిచాడు, ఆయన చేతిలో పెట్టబోయి ఆగాడు.

"ఎముకతో సహా రుబ్బింది, తిల్లి కూడా కలిసింది. పరవాలేదా?"

"పండుగ పూట ఏదైనా నడుస్తది అన్నా."

"ఒక్క మాట మాత్రం ఇవ్వాలి."

"చెప్పు అన్నా."

"పొయ్యి మీద పెట్టకూడదు. అందులో ఎముకుంది, ఉడికిస్తే ప్రమాదం. మీ అల్లుడికి పచ్చిదే పెట్టండి."

వరంగల్ పెద్దమనిషి డబ్బా వైపు ఒకసారి, డాడీ వైపు ఒకసారి చూసి, చేతులు వెనక్కి తీసుకున్నాడు. అల్లుడికి పప్పుచారు, అప్పడాలు వడ్డించారు. ఆ దసరాకి మా అంతస్తు మొత్తం మీద మాంసం తిన్నది భీమ్ ఒక్కడే, 150 గ్రాములు.