గడప దగ్గర కాపురం

పెళ్లికి బయలుదేరుతూ "ఐదు నిమిషాల్లో వచ్చేస్తున్నా" అని నేను కేకేస్తే, మా ఆవిడ పట్టుచీర కొంగు బొడ్లో దోపి కుక్కరు పెట్టేస్తుంది. విజిళ్లు వస్తాయి. నేను రాను.

అలాగని ఖాళీగా కూర్చుంటానా? గ్యాస్ కట్టానో లేదో చూస్తాను. మోటారు ఆపిందీ లేనిదీ చూస్తాను. తీరా షూ వేసుకుందామని వంగితే స్టాండు అరలో పరిచిన పాత పేపరు కంటబడుతుంది. ఎన్ని నెలల నాటిదైనా చదవని వార్త కొత్త వార్తే కదా. ఒక కాలికి షూ, రెండో కాలికి ఉత్త సాక్సు, ఆ వంగిన వంగుడులోనే ఎవరో మంత్రిగారి హామీలన్నీ చదువుతాను. చివరి హామీ మా ఆవిడ చెప్పుల కింద ఉంటుంది. చెప్పులు జరుపుతాను.

దీన్ని మా ఆవిడ తాత్సారం అంటుంది. స్టేషన్ మాస్టరుగా రిటైరైన మామగారు మాత్రం "అల్లుడుగారి డ్వెల్ టైమ్ కాస్త ఎక్కువమ్మా" అంటారు. రైలు ప్లాట్‌ఫారం మీద ఆగి ఉండే సమయానికి రైల్వేవాళ్లు పెట్టుకున్న పేరది. నేను పొంగిపోయాను. డ్వెల్ అంటే నివసించడమనే కదా బళ్లో చెప్పారు! ఇంటిపట్టున ఉండే అల్లుడని మెచ్చుకున్నారేమోనని, కరెంటు బిల్లు కట్టడం పక్కనపెట్టి నిఘంటువు తీశాను.

తీయకుండా ఉండాల్సింది. వెయ్యేళ్ల నాటి ఇంగ్లీషులో ఈ మాట డ్వెల్లన్. అర్థం దారి తప్పించడం, మోసగించడం. ఇంగ్లండులో స్థిరపడ్డ వైకింగుల భాషలో దీని చుట్టం ఒకటుంది, దానికి జాగు చేయడమని అర్థం. ఆ సావాసంతో 1200 ప్రాంతానికి ఇంగ్లీషు మాట కూడా జాగు చేయడం, ఆగిపోవడం దాకా వచ్చింది. 13వ శతాబ్దం నడిమికల్లా ఆగినచోటే కాపురం పెట్టేసింది. డెన్మార్కువాళ్లు డ్వేలె అంటే ఇప్పటికీ తచ్చాడటమే. డచ్చివాళ్లు ద్వాలెన్ అంటే దారితప్పి తిరగడం. వీళ్లందరికీ దగ్గరి బంధువు డ్వేల్ అనే మత్తుమందు. మధ్యయుగాల ఇంగ్లండులో కోతకు ముందు రోగికి తాగించేవారట. పంది పిత్తం, నల్లమందు, హెమ్లాక్ అనే విషపు మొక్క రసం, వెనిగర్ వగైరాలు ద్రాక్షసారాయిలో కలిపి!

"మీ పొద్దుటి కాఫీలో ఎవరో అదే కలుపుతున్నట్టున్నారు" అంది మా ఆవిడ. కాఫీ కలిపేది తనేనని గుర్తుచేసే ధైర్యం చాల్లేదు.

ఇంగ్లీషుజాతి కొన్ని వందల ఏళ్లు పట్టి దాటిన మెట్లన్నీ నేను ఒక్క పూటలో ఎక్కేస్తున్నానని అప్పుడు తెలిసింది. "వచ్చేస్తున్నా" అనడం మోసం. తర్వాతది జాగు. ఆపైన చెప్పుల స్టాండు దగ్గర స్థిరనివాసం. ఈ పరిశోధనంతా వివరంగా చెబితే ఆవిడ ఒక్కటే అడిగింది: "వెయ్యేళ్ల కిందటి వాళ్లకి మీ సంగతి ఎవరు చెప్పారండీ?"

మామగారి సలహా మీద ఈమధ్య నన్ను లూప్‌లైన్లో పెట్టి తను ఆటోలో వెళ్లిపోతోంది. తాళంచెవి కూడా తీసుకెళ్లదు. తిరిగొచ్చేసరికి తలుపు తీయడానికి నేను ఇంట్లోనే ఉంటానని ఆవిడకి గట్టి నమ్మకం.