ఖర్చేముంది, డిజిటలే కదా!

అమీర్‌పేటలో ఒక కోటు ఉంది. నీలం కోటు, లోపల తెల్ల చొక్కా, ముడి వేసి సిద్ధంగా ఉన్న ఎర్ర టై. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ తీసుకున్న ప్రతి నిరుద్యోగీ ఒక్కసారైనా దాన్ని తొడుక్కునే ఉంటాడు. రీలు రోజుల్లో అది స్టూడియోలో మేకుకు వేలాడుతూ, ముందు తొడుక్కున్నవాడి చెమట వాసన కొట్టేది. ఇప్పుడు ఉతికే పనే లేదు. టీషర్టుతో తెల్ల తెర ముందు కూర్చుంటే చాలు. కుర్రాడు ఫోటోషాప్‌లో మెడ దాకా కత్తిరించి, కోటు అతికించి, మొటిమలు తుడిచేసి, అయిదు నిమిషాల్లో ఎనిమిది కాపీలు చేతిలో పెడతాడు. 'అంత తెలుపు వద్దు బాబూ' అంటే అతనిచ్చే జవాబే ఈ కాలపు మహావాక్యం: 'ఖర్చేముంది సార్, డిజిటలే కదా!'

ఈ మహావాక్యానికి భాష్యం రాయాలని చాలాకాలంగా నా కోరిక.

ఖర్చు ఉన్న రోజుల సంగతి ముందు. అదే అమీర్‌పేటలో సారథి స్టూడియో ఉంది. 1959లో వచ్చిన 'మా ఇంటి మహాలక్ష్మి' తీసింది అక్కడే. 35 ఎం.ఎం. ఫిల్ము కెమెరాలో నిమిషానికి 90 అడుగులు పరుగెత్తుతుంది. వెయ్యి అడుగుల డబ్బా పదకొండు నిమిషాల్లో ఖాళీ. డైలాగు మరిచిపోయిన నటుడి వంక నిర్మాత చూసే చూపులో ఆ అడుగుల లెక్కంతా ఉండేది. కాబట్టే కెమెరా తిరిగే ముందు రిహార్సళ్లు జరిగేవి.

పెళ్లిళ్లలోనూ అంతే. రీలుకు 36, అదృష్టం బాగుంటే 37. జీలకర్ర బెల్లానికిన్ని, తాళికట్టుకిన్ని, తలంబ్రాలకిన్ని, మిగిలినవి మేనమామలకు. మాలాంటి దూరపు చుట్టాల పిల్లలు అడ్డం పడితే ఫోటోగ్రాఫర్ ఉత్త ఫ్లాష్ కొట్టి పంపేసేవాడు. ఫోటోలు కడిగించి తెచ్చిన రోజున గానీ అందులో మనం లేమని తెలిసేది కాదు.

ఇప్పుడా అన్యాయం లేదు. ఆమధ్య పంజాగుట్టలో ఒక పెళ్లికి వెళ్లాను. వేదిక ముందు నాలుగు కెమెరాలు, నెత్తిన డ్రోన్. ముహూర్తం దగ్గరపడింది. పంతులుగారు పంచాంగం వంక కాకుండా ఫోటోగ్రాఫర్ వంక చూశారు. 'యాంగిల్ రాలేదు సార్, మళ్లీ కట్టండి' అన్నాడతను. శాస్త్రం చెప్పింది మూడు ముళ్లు. నేను లెక్కపెట్టినంతలో ఏడు పడ్డాయి. ఖర్చేముంది!

నెల తర్వాత పెళ్లివారికి హార్డ్ డిస్క్ వచ్చింది. దాన్నిండా వేల ఫోటోలు. 'రెండు వందలు సెలెక్ట్ చేసి పంపండి, ఆల్బమ్ చేస్తాం' అన్నారు. పాపకు అన్నప్రాశన కూడా అయింది, పెళ్లి ఆల్బమ్ ఇంకా సెలెక్షన్‌లోనే ఉంది. వెనకటికి రీలు లేకుండా ఫ్లాష్ కొట్టేవారు, ఇప్పుడు చూసేవాళ్లు లేకుండా కొడుతున్నారు. అంటే ఖర్చు ఎక్కడికీ పోలేదు, కౌంటర్ మారిందంతే. నొక్కేముందు ఫోటోగ్రాఫర్ చేయాల్సిన ఆలోచన, నొక్కాక పెళ్లికూతురి నెత్తిన పడింది.

ఈ లెక్క కొడాక్ వాళ్లకే అందలేదు. 1975లో డిజిటల్ కెమెరా పుట్టింది వాళ్లింట్లోనే. స్టీవ్ సాసన్ చేసిన ఆ పెట్టెలో ఒక్క ఫోటో క్యాసెట్‌లోకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. ఫిల్ము వ్యాపారాన్ని చూసుకుంటూ ఆ బిడ్డను మూలన కూర్చోబెట్టిన కంపెనీ, 2012 జనవరిలో దివాలా కోర్టు మెట్లెక్కింది. 'ఇందు' ఫిల్ములు చేసిన ఊటీ సర్కారు ఫ్యాక్టరీ కూడా మూతపడింది. వాటితోపాటు 'చాలు' అనే మాటా మూతపడింది.

అలాగని 'ఫిల్ములోనే ప్రాణముంది' అంటూ ఫోన్ ఫోటోల మీద ఫిల్టర్‌తో గరుకు చల్లుకునే రసికుల పక్షం కాదు నేను. కెమెరా వెనక మూత ఊడి, వెలుతురు తగిలి, తిరుపతి యాత్ర మొత్తం గోవిందా అయిన బాధ వాళ్లకు తెలియదు. కానీ ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు పలకలు, అదీ 2,800కు పైగా, ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో నేటికీ ఉన్నాయి. మా ఇంటి హార్డ్ డిస్క్ బీరువాలో నగల పక్కన ఉంది. ఏటా దసరాకు బొట్టు పెడుతున్నాం. పోయినేడు కంప్యూటర్‌కు తగిలిస్తే టిక్కుటిక్కుమని ఊరుకుంది.

మొన్న మా పెదనాన్నగారు పోయారు. శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి ఒక ఫోటో కావాలి. ఇంట్లో ఆరు ఫోన్లు, అన్నిట్లో కలిపి వేల ఫోటోలు. ఒకదాంట్లో ఆయనకు సగం మొహం, ఒకదాంట్లో నోట్లో ముద్ద, మిగిలినవాటిలో ఎవరి సెల్ఫీ వెనకో మసక. చివరికి మావాళ్లు ఆయన ఆధార్ కార్డు పట్టుకుని అమీర్‌పేట వెళ్లారు.

సాయంత్రానికి సందు మొదట్లో ఫ్లెక్సీ లేచింది. జన్మలో పంచె తప్ప కట్టని పెదనాన్న, నీలం కోటు, ఎర్ర టైతో, తెల్లారితే ఇంటర్వ్యూ ఉన్నట్టు నిలబడి ఉన్నారు.

కోటు ఎవరు వేయమన్నారని నేనెవర్నీ అడగలేదు. జవాబు తెలుసు.