వడపోత పద్యం: టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

దుమ్ము పట్టెనేని దూరదు గాలియు
లీటరునకు మైళ్ళ లెక్క తగ్గు
నల్లబడిన నూనె నడుపునె యంత్రము
జల్లెడలను మార్చ జంకు వలదు

అవతారిక: సర్వీసు బిల్లు చూసి నివ్వెరపోయిన కారు యజమానిని మెకానిక్కు ఊరడిస్తున్నాడు.

ప్రతిపదార్థం: దుమ్ము పట్టెన్+ఏని = ఏర్ ఫిల్టరు మడతల్లో ధూళి పేరుకున్నట్లయితే; గాలియు దూరదు = ఇంజనుకు గాలి చాలదు; లీటరునకు = (నూరు రూపాయలు దాటిన) లీటరు పెట్రోలుకు; మైళ్ళ లెక్క = మైలేజి; తగ్గు = తగ్గును; నల్లబడిన నూనె = మురికిపట్టిన ఇంజనాయిలు; యంత్రము నడుపునె = నడపగలదా? (కాకువు; నడపలేదని భావం); జల్లెడలను = గాలి, ఆయిలు, ఇంధన ఫిల్టర్లను; మార్చన్ = మార్చడానికి; జంకు వలదు = వెనకాడరాదు.

పాఠాంతరం: "మైళ్ళ"కు మారు "కిలోమీటర్ల" అని దిద్దినవారున్నారు. గణభంగం. గ్రాహ్యం కాదు.

తాత్పర్యం: ఫిల్టర్లు వేళకు మార్చుకో, బిల్లు కట్టు.

విశేషాలు: మొదటి పాదానికి తిరుగులేదు. లీటరు పెట్రోలు కాలడానికి దాదాపు తొమ్మిది వేల లీటర్ల గాలి కావాలి. అదంతా ఆ కాగితపు మడతల్లోంచే వెళ్లాలి.

రెండవ పాదం దగ్గరే పేచీ. ప్రాచీనులు, అనగా అంబాసిడరు, పద్మిని, తొలినాళ్ల మారుతి 800 నడిపినవారు, కవిది అక్షరసత్యమంటారు. కార్బురేటరుకు గాలిని తూచే తెలివి లేదు. దారి ఇరుకైతే పెట్రోలు పాలు ఎక్కువై నల్లపొగ కక్కేది. నవీనులు ఒప్పుకోరు. ఇప్పటి పెట్రోలు బండిలో సెన్సర్లు వచ్చిన గాలిని లెక్కగట్టి, బరువులో సుమారు 14.7 పాళ్ల గాలికి ఒక పాలు చొప్పున పెట్రోలు చిమ్మిస్తాయి. పైగా మామూలు వేగంలో థ్రాటిల్ రేకు చాలావరకు మూసే ఉంటుంది. ఫిల్టరు కాస్త బిగబట్టితే డ్రైవరు కాలు మరికాస్త నొక్కుతుంది, రేకు మరికాస్త తెరుచుకుంటుంది, జమాఖర్చు సరి. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో తేల్చినదీ ఇదే: ఇలాంటి బండ్లలో మూసుకుపోయిన ఫిల్టరు మార్చితే మైలేజి పెరగలేదు, వేగం అందుకునే సమయం మాత్రం 6 నుంచి 11 శాతం మెరుగుపడింది. కాబట్టి లోపం పెట్రోలు బంకులో కనబడదు, లారీని ఓవర్‌టేక్ చేయబోయినప్పుడు కనబడుతుంది. రెండవ పాదంలో ఉన్నది అతిశయోక్తి అలంకారం.

మూడవ పాదంలో కవి తొందరపడ్డాడు. చకోరం వెన్నెల తాగుతుందన్నట్టు, నల్లనూనె చెడ్డదనడం కవిసమయం మాత్రమే. డీజిలు బండిలో కొత్త ఆయిలు కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది. మసిని తనలో పట్టి ఉంచడం దాని ఉద్యోగం. అసలు భయం ఫిల్టరు పూడిపోవడం. అప్పుడు బైపాస్ వాల్వు తెరుచుకుని, ఆయిలు వడపోత లేకుండానే బేరింగుల మీదికి పోతుంది. ఎండిపోవడం కంటే అదే నయమని చేసిన ఏర్పాటు అది.

"జల్లెడలను" అన్న బహువచనంలో ఇంధన ఫిల్టరు దాగి ఉంది. అది పూడితే ఊళ్లో బుద్ధిగా తిరిగిన బండి తిరుమల ఘాట్‌లో జర్కులిస్తుంది. డీజిలు ఫిల్టరు అడుగున చేరిన నీళ్లను వదలకపోతే ఇంజెక్టర్లకు తుప్పు.

"మార్చ" అన్నాడే గాని "ఊద" అనలేదు, గమనించాలి. కంప్రెసరు గాలి గట్టిగా కొడితే కాగితం చిరుగుతుంది; ఆ చిరుగులోంచి దూరిన ఇసుక సిలిండర్లను గీకుతుంది. అందాకా దుమ్ముపట్టిన ఫిల్టరే మేలు. కొద్దిగా దుమ్ము పేరుకున్న కాగితం కొత్తదానికంటే బాగా వడపోస్తుంది కూడా. ఈ సంగతి మెకానిక్కు చెప్పడు.